పుట్టింటి పేరు

సెలవులొచ్చాయంటే పిల్లలు ఇంట్లో నిలవరు కదా! పటేల్‌గూడలో బస్సెక్కి, పటాన్‌చెరు ఫ్యాక్టరీలు దాటుకుని, హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ మ్యూజియం చేరాం. "ఆ బొక్కలు చూసి నేనేం జేస్త?" అంటూనే మా అత్తమ్మా వచ్చింది.

అక్కడ 2000లో తెరిచిన డైనోసార్ల గదిలో ఒక మహాకాయం నిలబడి ఉంది. 44 అడుగుల పొడవు, 16 అడుగుల ఎత్తు! ఏ అమెరికా నుంచో తెచ్చారనుకుంటున్నారా? కాదండీ, మనదే. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర, 1974 నుంచి 1980 దాకా జియలాజికల్ సర్వే వారు తవ్వగా 840 ఎముకలు బయటపడ్డాయి. అన్నీ ఒకదానివి కావు, ఓ డజను జంతువులవి. పదహారు కోట్ల ఏళ్లకు పైబడినవి!

"మరి చేపలేవీ?" అని చిన్నవాడి పేచీ. అక్వేరియం కూడా ఉంటుందని ఆశపడ్డాడు పాపం. ఆ ప్రాంతపు కోటా రాతిపొరల్లో చేపలూ శిలాజాలయ్యాయనీ, వాటిలో ఒకదానికి 1851లోనే దక్కను పేరు కలిపి పెట్టారనీ చెప్పి సముదాయించాను.

అమ్మాయి చూపంతా తల మీదే. నిజానికి తల దొరకనే లేదు. దొరికినవి రెండు పళ్లే. అక్కడున్నది ఊహించి అమర్చిన తల. అయినా 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి శాస్త్రోక్తంగా నామకరణం చేశారు: 'కోటాసారస్ యామన్‌పల్లిఎన్సిస్'. మొదటిది రాతిపొర పేరు, రెండోది ఊరి పేరు.

"ఏమన్నవ్? మళ్లొక్కసారి చదువు" అంది అత్తమ్మ. చదివాను. "అది మా దిక్కుదే!" అంది. ప్రాణహిత ఒడ్డున పుట్టిన మనిషి ఆవిడ. పధ్నాలుగో ఏట కాపురానికొచ్చాక ఇంటిపేరు మారింది, ఊరు మారింది. ఇప్పుడు మా వీధిలో అందరికీ 'పటేల్‌గూడ అమ్మమ్మే'.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని నది గురించీ, ఇసుకలో తవ్వుకున్న చెలమల గురించీ, చిన్ననాటి నేస్తాల గురించీ చెబుతూనే ఉంది. ఇరవై ఏళ్లుగా ఒకే వంటింట్లో ఉంటున్నాం. ఆవిడ పుట్టిన ఊరి పేరు నేనెన్నడూ అడగలేదు.

తల పోయిన జంతువుకే పుట్టింటి పేరు దక్కింది. మనుషులం, మనకేమొచ్చింది?

ఆ రాత్రి పిల్లల చేత అడిగించాను. నవ్వుతూ చెప్పింది. మీ ఇంట్లో పెద్దావిణ్ణి మీరు అడిగారా?