బొమ్మ కంటే ముందు పాట

సినిమా ఇంకా ఊరికి రాకముందే దాని పాటలు నోటికి రావడం తెలుగునాట పాత అలవాటు. ఆర్మూర్ వంటి పట్టణాల్లో పాటకూ బొమ్మకూ మధ్య ఎడం ఇంకా ఎక్కువగా ఉండేది. నిజామాబాద్ జిల్లాలో, హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే జాతీయ రహదారి మీద, నవనాథ సిద్ధుల గుట్ట నల్లరాళ్ల పక్కన ఉన్న పసుపు ఊరు ఇది. రేడియోలోనో రికార్డులోనో పాట ముందు వచ్చేది. బొమ్మ మాత్రం రేకు డబ్బాల్లో, వంతు ప్రకారం వచ్చేది.

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. ఆ రోజుల గ్రామఫోన్ రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలు, అటూ ఇటూగా మోగేది. గ్రామఫోన్ ఉన్న ఇళ్లు ఊరికి ఒకటో రెండో. అందుకే ఎక్కువమందికి పాట చేరింది టూరింగ్ టాకీసు డేరా మీది లౌడ్‌స్పీకరు నుంచి, పెళ్లి పందిట్లో మైకు సెట్టు నుంచి. ఆర్మూర్ చుట్టుపక్కల పసుపును జూన్‌లో నాటి, జనవరి నుంచి తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి అమ్ముతారు. ఆ డబ్బు చేతికొచ్చే సమయానికే వేసవి పెళ్లిళ్లు మొదలవుతాయి, మైకు సెట్లకూ అదే గిరాకీ కాలం. హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకంలో పాటలన్నీ పూర్తిగా ఉండేవి. కథ మాత్రం సగంలో ఆగి, మిగతాది వెండితెర మీద చూడమనేది. సినిమా చూడలేని వాళ్లకు ఆ పుస్తకమే సినిమా.

రేడియో ఈ అలవాటును ఇంటింటికీ తెచ్చింది. 1952లో కేంద్ర సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు పగ్గాలు వేశారు. దాంతో శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. అక్కడి తెలుగు కార్యక్రమంలో మీనాక్షి పొన్నుదురై గొంతు ఒక తరానికి బంధువుల గొంతంత పరిచయం. 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలయ్యాక పాటలు మళ్లీ స్వదేశీ రేడియోలోకి వచ్చాయి. కోరిన పాటల కోసం కార్డు ముక్క రాసి, తమ ఊరి పేరు చదివే క్షణం కోసం చెవి ఒగ్గి కూర్చోవడం అప్పటి అభిమానుల పండుగ.

బొమ్మ ఆలస్యానికి కారణం వ్యాపారంలో ఉంది. తెలుగు సినిమా పంపిణీకి నైజాం, సీడెడ్, ఆంధ్ర అని మూడు ఏరియాలు. ఒక్కో ప్రింటు తీయించడం ఖర్చుతో కూడిన పని కాబట్టి ముందుగా ‘ఎ’ సెంటర్లనే పెద్ద ఊళ్లలో వేసి, అక్కడ ఆట తగ్గాక అదే ప్రింటును ‘బి’, ‘సి’ సెంటర్లనే చిన్న ఊళ్లకు పంపేవారు. అప్పటికి రీలు మీద గీతలు పడేవి, ఒక్కోసారి పాట మధ్యలో తెగేది. పాటను వందసార్లు విన్నవాళ్లకు ఎక్కడ ఏ ముక్క పోయిందో వెంటనే తెలిసిపోయేది.

ఫిలిప్స్ 1963లో ప్రపంచానికి చూపిన క్యాసెట్ ఇక్కడి పల్లెల్లోకి గల్ఫ్ దారిన కూడా వచ్చింది. 1970ల నుంచి నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి వేలమంది దుబాయి, మస్కట్, సౌదీలకు కూలికి పోయారు. సెలవుపై వచ్చేటప్పుడు టూ ఇన్ వన్ టేపురికార్డరు తెచ్చేవారు, తిరిగి వెళ్లేటప్పుడు కొత్త పాటల క్యాసెట్లు పెట్టెలో పెట్టుకునేవారు. ఎడారిలోని లేబర్ క్యాంపులో ఉన్న మనిషికి ఆ సినిమాను హాల్లో చూసే వీలు లేదు, మళ్లీ సెలవు దొరికేదాకా పాటే అతని సినిమా. ఈ చరిత్రలో అన్నిటికంటే బరువైన నిరీక్షణ వాళ్లదే. ఊళ్లో ఉన్నవాళ్లు ఖాళీ క్యాసెట్ కొని, పాటల జాబితా రాసిచ్చి, దుకాణంలో రికార్డు చేయించుకునేవారు. అరవై నిమిషాల టేపులో పదో పన్నెండో పాటలు పట్టేవి. ఏ పాట తీసి ఏ పాట పెట్టాలో తేల్చుకోవడం చిన్న పని కాదు.

క్యాసెట్ వ్యాపారమే ఆడియో రిలీజును ఒక వేడుకగా మార్చింది. సినిమా పోతే పాటల అమ్మకమూ పడిపోతుంది గనుక, హక్కులు కొన్న ఆడియో కంపెనీ పెట్టుబడి ముందే రాబట్టుకోవాలి. అందుకే కొన్ని వారాల ముందు పాటలు విడుదల చేసేవారు. నటుల సమక్షంలో తొలి క్యాసెట్‌ను, ఆ తర్వాత సీడీని ఆవిష్కరించడం ఆచారమైంది. 2015 జూన్ 13న తిరుపతిలో ‘బాహుబలి’ పాటలు విడుదలైతే, సినిమా జూలై 10న వచ్చింది.

డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక చిన్న పట్టణం వంతు కోసం ఆగడం పోయింది. ఆర్మూర్‌లోనూ హైదరాబాద్‌తో పాటే బొమ్మ పడుతుంది. అయినా పాట ముందే వస్తోంది, ఇప్పుడు ఒక్కొక్కటిగా. ‘అల వైకుంఠపురములో’ నుంచి ‘సామజవరగమన’ 2019 సెప్టెంబరులో యూట్యూబ్‌కు ఎక్కింది, సినిమా 2020 జనవరి 12న. ‘ఆర్‌ఆర్‌ఆర్’లోని ‘నాటు నాటు’ 2021 నవంబరు 10న వచ్చింది. సినిమా వాయిదా పడి 2022 మార్చి 25న ఇక్కడ, అక్టోబరు 21న జపాన్‌లో విడుదలైంది. జపాన్ హాళ్లలో బొమ్మ పడేనాటికి పాట బయటికొచ్చి పదకొండు నెలలు దాటింది.