వాణిజ్య భవనాల ఇంధన రేటింగు: ఇంగ్లండ్, వేల్స్ నియమాలు

అద్దెకిచ్చే దుకాణాలు, ఆఫీసులు, గిడ్డంగులు కనీసం ‘ఈ’ శ్రేణి ఇంధన రేటింగు పొంది ఉండాలని ఇంగ్లండ్, వేల్స్ యజమానులను కట్టడి చేసే నియమాలివి. వాడుకలో ‘మీస్’ అంటారు. 2015లో రూపొందిన ఈ నియమాలకు మూలం, ఐరోపా సమాఖ్య 2002లో జారీ చేసిన భవనాల ఇంధన పనితీరు ఆదేశం.

భవనం కట్టినా, అమ్మినా, అద్దెకిచ్చినా ఇంధన పనితీరు ధ్రువపత్రం (ఈపీసీ) ఉండాలని ఆ ఆదేశం చెప్పింది. వాణిజ్య భవనాలకు ఇది 2008లో విడతలుగా వచ్చింది. ఏప్రిల్‌లో 10,000 చదరపు మీటర్లు దాటినవి, జూలైలో 2,500 దాటినవి, అక్టోబరులో మిగతావి దీని కిందికి వచ్చాయి. పత్రం పదేళ్లు చెల్లుతుంది. మన ఫ్రిజ్ మీద ఉండే నక్షత్రాల స్టిక్కరుకు ఇది దగ్గరి చుట్టమే గానీ, ఇక్కడ అంకె తగ్గేకొద్దీ మేలు: 25 లోపు ‘ఏ’, 101 నుంచి 125 వరకు ‘ఈ’, 150 దాటితే ‘జి’. గోడలు, కిటికీలు, బాయిలరు, దీపాల వివరాలతో కంప్యూటరు వేసే లెక్క ఇది. కరెంటు బిల్లుతో దీనికి పని లేదు. రాత్రంతా లైట్లు వెలిగే ఆఫీసుకూ, సాయంత్రం ఆరింటికే తాళం పడే ఆఫీసుకూ ఒకే రేటింగు రావచ్చు.

పత్రం చూపించినంత మాత్రాన భవనాలు బాగుపడలేదు. బాయిలరు మార్చే ఖర్చు యజమానిది, తగ్గే బిల్లు అద్దెదారుది. ఇక యజమాని ఎందుకు కదులుతాడు? ఆ ముడి విప్పే అధికారాన్ని 2011 ఇంధన చట్టం ప్రభుత్వానికిచ్చింది. 2018 ఏప్రిల్ 1 నుంచి ‘ఎఫ్’, ‘జి’ భవనాలను కొత్తగా లీజుకివ్వడం నిషిద్ధమైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి నడుస్తున్న లీజులకూ అదే వర్తించింది.

అమలు బాధ్యత స్థానిక తూనికలు, కొలతల అధికారులది. ఉల్లంఘన మూడు నెలలు దాటితే 10,000 పౌండ్లు, లేదా పన్ను లెక్కకు కట్టిన వార్షిక అద్దె విలువలో 20 శాతం, ఏది ఎక్కువైతే అది జరిమానా. గరిష్ఠం 1,50,000 పౌండ్లు. మినహాయింపులకూ కొదవలేదు. ఏడేళ్లలో ఖర్చు తిరిగిరాని మరమ్మతు చేయనక్కర్లేదు. పని వల్ల ఆస్తి విలువ 5 శాతానికి మించి పడిపోతుందని నిపుణుడు తేల్చినా, అవసరమైన అనుమతి దొరకకపోయినా రిజిస్టరులో నమోదు చేసుకుని ఊరట పొందవచ్చు. ఆరు నెలలు మించని లీజుల్లో చాలావాటికీ, 99 ఏళ్లు, అంతకు మించిన వాటికీ ఈ నియమాలు అసలే వర్తించవు.

2030 నాటికి కనీస శ్రేణిని ‘బి’కి పెంచుతామని బ్రిటన్ ప్రభుత్వ 2020 డిసెంబరు శ్వేతపత్రం ప్రకటించింది. 2027కు ‘సి’ని మధ్య మెట్టుగా పెట్టాలన్న ఆలోచన 2021లో వచ్చింది. తర్వాత ఏళ్ల తరబడి ఇవి ప్రతిపాదనలుగానే నానాయి. ఈలోగా నెదర్లాండ్స్ 2023 జనవరి నుంచే 100 చదరపు మీటర్లు మించిన ఆఫీసులకు ‘సి’ తప్పనిసరి చేసింది.

కర్బన ఉద్గారాల ఆధారంగా రేటింగు లెక్కకట్టే పద్ధతి 2022లో మారింది. బొగ్గు వాడకం తగ్గి బ్రిటన్ కరెంటు శుభ్రపడటంతో, కరెంటుతో వెచ్చబడే భవనాల రేటింగు ఇటుక కదలకుండానే మెరుగుపడింది. గ్యాసు బాయిలర్లున్నవి చాలాచోట్ల కిందికి జారాయి.