కువైట్ మూగబోయిన వేళ – చేత్తో కట్టిన రేడియో కథ

1990 ఆగస్టు 2. తెల్లవారకముందే ఇరాక్ సైన్యం సరిహద్దు దాటి కువైట్‌లోకి ప్రవేశించింది. గల్ఫ్‌లో బ్రతికిన తెలుగువారికి ఆ తేదీని ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. రాజంపేట, రాయచోటి పల్లెల నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళలో పనికి, డ్రైవర్లుగా, మేస్త్రీలుగా, నర్సులుగా, ఇంజనీర్లుగా వెళ్ళినవారు ఎందరో అప్పుడు అక్కడ ఉన్నారు. బయటి ప్రపంచంతో ఫోన్లు తెగిపోయాయి. ఉత్తరాలు ఆగిపోయాయి. ఇక్కడ తల్లిదండ్రులకు, భార్యాబిడ్డలకు రేడియో వార్తలు, పత్రికలే దిక్కయ్యాయి. వాటిలో దేశం సంగతి ఉంటుంది గాని, మన మనిషి సంగతి ఉండదు కదా!

తరువాతి కథ మనకు తెలిసిందే. బస్రా, బాగ్దాదుల మీదుగా బస్సుల్లో జోర్డాన్ చేరినవారిని అమ్మాన్ నుంచి స్వదేశానికి తెచ్చారు. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 వరకు 59 రోజుల్లో ఎయిరిండియా 488 విమానాలు నడిపి 1,11,711 మందిని తీసుకువచ్చింది. పౌర విమానాల తరలింపులో అది ప్రపంచ రికార్డు. ఈ ఘనకార్యం గురించి పుస్తకాలు, సినిమాలు వచ్చాయి. కాని అదే రోజుల్లో కువైట్ నుంచి వెలువడిన ఒక సన్నని రేడియో సంకేతం గురించి మనలో చాలామందికి తెలియదు.

అబ్దుల్ జబ్బార్ మరాఫీ అనే కువైటీ హామ్ రేడియో ఆపరేటరు. ఆయన పిలుపు గుర్తు 9కె2డిజెడ్. ఆక్రమణ కాలంలో ఆయన రహస్యంగా తన రేడియో నడిపి, నగరంలో ఏం జరుగుతున్నదో బయటి ప్రపంచానికి చేరవేశారు. పట్టుబడితే ప్రాణానికే ముప్పు. ఆయన వాడినది ఆమ్టార్ అనే పద్ధతి. ఇందులో నోటితో మాట్లాడనక్కరలేదు. కీబోర్డు మీద కొట్టిన అక్షరాలను రేడియో మూడేసి చొప్పున పంపుతుంది. అవతలివాడు "అందింది" అన్నాకనే తరువాతి మూడు బయలుదేరుతాయి. అందకపోతే మళ్ళీ అవే వెళతాయి. గోలలో కూడా మాట తప్పుగా చేరడం అరుదు. తీగలు తెగిన దేశం నుంచి వార్త వెళ్ళడానికి కావలసినవి ఒక సెట్టు, కాస్త కరెంటు, చాటుగా కట్టిన ఒక తీగ, ఆ సెట్టు గుట్టు తెలిసిన ఒక మనిషి. ఈ వ్యాసం ఆ చివరిదాన్ని గురించి.

ఒక్క గంతు దూరం

కువైట్ నుంచి హైదరాబాదుకు గగనమార్గాన సుమారు 3,400 కిలోమీటర్లు. భూమికి రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున సూర్యకాంతి వల్ల విద్యుదావేశం పొందిన గాలి పొర ఒకటి ఉంది. షార్ట్‌వేవ్ తరంగాలు దానికి తగిలి వంగి నేలకు దిగుతాయి. ఒక్క గంతులో అవి దాదాపు 4,000 కిలోమీటర్ల వరకు దాటగలవు. అంటే కువైట్‌లో మేడ మీది తీగ నుంచి బయలుదేరిన మాట మధ్యలో ఏ ఉపగ్రహం, ఏ టవరు, ఏ కంపెనీ ప్రమేయమూ లేకుండా ఒకే గంతులో మన తెలుగునాట దిగుతుందన్నమాట. పగటిపూట 14 మెగాహెర్ట్‌జ్ బ్యాండు తెరుచుకొని ఉంటే దీనికి ఐదారు వాట్లు చాలు. మన ఇళ్ళలో రాత్రిపూట వేసుకొనే "జీరో బల్బు" ఇంతకంటే ఎక్కువే తాగుతుంది.

మరి అలాంటి సెట్టు సామాన్యుడికి దొరికేదా?

కుళాయి వాషర్ల రేడియో

మన దేశంలో హామ్ రేడియో చరిత్ర నిండా కొరతే. 1939లో యుద్ధం రాగానే బ్రిటిషు ప్రభుత్వం ఔత్సాహికుల ట్రాన్స్‌మిటర్లను అప్పగించమని ఆజ్ఞాపించింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి లైసెన్సు ఉన్నవారు చాలా తక్కువ. ఆ తరువాత చాలాకాలం యుద్ధంలో మిగిలిన పాత సెట్లే ఆధారం. జపాను, అమెరికా సెట్ల ధర మధ్యతరగతివాడి కొన్ని నెలల జీతం. 1980లలో దిగుమతి సుంకం సడలింది. అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ స్వయంగా హామ్ కావడంతో ఈ అభిరుచికి గుర్తింపు కూడా వచ్చింది. 1983లో హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడి వందలాది యువకులకు శిక్షణ ఇచ్చింది. అయినా పరీక్ష పాసై, లైసెన్సు చేతికొచ్చినా సెట్టు లేక చేతులు ముడుచుకు కూర్చున్నవారే ఎక్కువ.

ఈ ముడిని విప్పినవాడు మన హైదరాబాదీయే. అష్హర్ ఫర్హాన్, పిలుపు గుర్తు వియు2ఇఎస్ఇ. బంజారాహిల్స్‌లోని "లామకాన్" సాంస్కృతిక వేదిక వ్యవస్థాపకులలో ఒకరుగా ఆయన కొందరికి తెలిసి ఉండవచ్చు. 2003-04 ప్రాంతంలో ఆయన "బిట్‌ఎక్స్" అనే ట్రాన్సీవరు రూపకల్పన చేసి, దాని సర్క్యూటును అందరికీ ఉచితంగా విడుదల చేశారు. 14 మెగాహెర్ట్‌జ్ మీద సుమారు ఆరు వాట్లతో మాట్లాడే సెట్టు అది.

దీని గొప్పతనం రెండు విషయాలలో ఉంది. ఒకటి, పొదుపు. మాట వినడానికి ఒక వరుస, పంపడానికి ఇంకొక వరుస భాగాలు లేకుండా, అవే ఆంప్లిఫయర్లు, అదే క్రిస్టల్ ఫిల్టరు రెండు దిక్కులా పనిచేస్తాయి. ఒకే వంతెన మీద బండ్లు వంతులవారీగా రాకపోకలు సాగించినట్లు. రెండోది, సామగ్రి. విదేశాల్లో కాయిళ్ళు చుట్టడానికి వాడే టొరాయిడ్ వలయాలు మన ఊళ్ళలో దొరకవు. ఫర్హాన్ వాటి బదులు నీటి కుళాయిల్లో వేసే ప్లాస్టిక్ వాషర్లు వాడారు! ట్రాన్సిస్టర్లు ఏ టీవీ రిపేరు కొట్టులోనైనా దొరికే రకం. ఫిల్టరుకు కావలసిన నాలుగు క్రిస్టల్స్ కంప్యూటర్లలో వాడే చవకరకం. కొరతనే కొలతగా చేసుకొని గీసిన ఆ సర్క్యూటును ఏ కొరతా లేని అమెరికా, యూరపు హామ్‌లు కూడా వేల సంఖ్యలో కట్టుకొన్నారు.

మొరాయించిన సెట్టు చెప్పే పాఠం

చేత్తో కట్టిన సెట్టు మొదటిసారి స్విచ్చి వేయగానే పలకడం అరుదు. అసలు చదువు అక్కడే మొదలవుతుంది.

అనుభవజ్ఞుల పద్ధతి ఎప్పుడూ ఒకటే – స్పీకరు దగ్గర మొదలుపెట్టి వెనక్కు నడవడం. ముందు మల్టీమీటరుతో ప్రతి అంచెకూ వోల్టేజి అందుతున్నదా చూడాలి. తరువాత వాల్యూము కంట్రోలు మధ్య కాలును స్క్రూడ్రైవరుతో తాకాలి. స్పీకరులో "బుర్ర్" మని శబ్దం వస్తే అక్కడి నుంచి ముందుకంతా బాగున్నట్టే. అప్పుడు ఒక్కొక్క మెట్టు యాంటెన్నా వైపు ఎక్కాలి. ఏ మెట్టు దగ్గర నిశ్శబ్దమో దొంగ అక్కడే ఉన్నాడు. పట్టుకొని చూస్తే చాలాసార్లు ఆ దొంగ చిన్నవాడే. కాయిలు తీగ మీది ఎనామెల్ పూత సరిగా గీకకుండా సోల్డరింగు చేయడమో, పైకి మెరుస్తూ లోపల అతకని సోల్డరింగో, వోల్టేజి తిరగేసి ఇవ్వడమో అయి ఉంటుంది.

ఇదే సెట్టును కువైట్‌లో పెట్టామనుకోండి. అక్కడ పరీక్ష ఇంకా కఠినం. 2016 జులైలో మిత్రిబా వద్ద 53.9 డిగ్రీల వేడి నమోదైన దేశం అది. పాత బిట్‌ఎక్స్‌లో స్టేషను పట్టే ఆసిలేటరు ఒక కాయిలు, కొన్ని కెపాసిటర్లతో నడుస్తుంది. వేడికి కాయిలు వ్యాకోచిస్తుంది, కెపాసిటరు విలువ మారుతుంది. ఒకటి రెండు వందల హెర్ట్‌జ్ జరిగితే చాలు, అవతలివారి గొంతు బాతు కూతలా వినిపిస్తుంది. ఏసీ గాలి నేరుగా తగిలినా ఇదే తంతు. దీనికి మందు – వేడికి చలించని ఎన్‌పీఓ రకం కెపాసిటర్లు వేయడం, ఆసిలేటరును గాలి చొరని డబ్బాలో బిగించడం, స్విచ్చి వేశాక పావుగంట ఆగి మాట్లాడడం.

రెండో ప్రమాదం చివరి అంచెలోని ఐఆర్ఎఫ్510 మాస్‌ఫెట్‌కు. దాని లోహపు వీపులోనే కరెంటు ఉంటుంది. మైకా రేకు అడ్డు పెట్టకుండా హీట్‌సింకుకు బిగిస్తే షార్టు అయ్యే ప్రమాదం ఉంది. బయాస్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచుతూ ఆంపియర్లు గమనించాలి. గది వేడే నలభై దాటే చోట హీట్‌సింకు మామూలు కంటే పెద్దది ఉండాలి.

మూడోది అరబ్బులు "తోజ్" అని పిలిచే దుమ్ము తుఫాను. ఎండిన ఇసుక రేణువులు విద్యుదావేశాన్ని మోసుకొస్తాయి. అవి యాంటెన్నా తీగను రాసుకొంటూ పోతే రిసీవరులో ఎడతెగని హోరు వినిపిస్తుంది. ఒక్కొక్కప్పుడు ముందు అంచెను కాల్చివేసేంత చార్జి పోగవుతుంది. యాంటెన్నాకు, భూమికి మధ్య ఒక పెద్ద విలువ రెసిస్టరు కలిపితే ఆ చార్జి ఎప్పటికప్పుడు దిగిపోతుంది. తుఫాను ముదిరితే తీగ ఊడదీయడమే క్షేమం.

పదిమంది చేతుల్లో పదును

2016లో ఫర్హాన్ 7 మెగాహెర్ట్‌జ్‌కు "బిట్‌ఎక్స్40" బోర్డును తక్కువ ధరకు అందించారు. హైదరాబాదులో మహిళల బృందం ఒకటి కాయిళ్ళను చేత్తో చుట్టి ఆ బోర్డులు తయారు చేసింది. దాని పెట్టె మాత్రం కొన్నవారే చూసుకోవాలి. బిస్కెట్ల డబ్బాలలో, చెక్కపెట్టెలలో, స్టీలు టిఫిను డబ్బాలలో ఈ సెట్లు వెలిశాయి. వేడికి జరిగిపోయే ఆసిలేటరు స్థానంలో క్రిస్టల్ ఆధారంగా నడిచే చిన్న డిజిటల్ చిప్పు వచ్చి బాతు కూతల బెడద తీర్చింది.

తరువాత అన్ని షార్ట్‌వేవ్ బ్యాండ్లకు "మైక్రో బిట్‌ఎక్స్" వచ్చింది. 2018లో కొందరు హామ్‌లు దాన్ని పరికరాలతో కొలిచి, కొన్ని బ్యాండ్లలో అక్కరలేని తరంగాలు హద్దు మీరి వెళుతున్నాయని చూపారు. ఫిల్టర్లను మార్చే రిలేలు ఒకదానికొకటి చేరువగా ఉండడంతో, ఫిల్టరును తప్పించుకొని తరంగాలు పక్కదారిన దూకుతున్నాయి. సర్క్యూటు బహిరంగమే గనుక ఎవరికి తోచిన చికిత్స వారు చేసి చూశారు. ఒకరు రిలేల వైర్లు మార్చారు, ఇంకొకరు అదనపు ఫిల్టరు కలిపారు. రూపకర్త కూడా తప్పును దాచుకోలేదు, తరువాతి వెర్షన్లలో డిజైను మార్చారు. ఒక్కడు గీసినది వేయిమంది దిద్దితే ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మళ్ళీ మూగబోతే

ఇప్పుడు జేబులో ఫోన్లు ఉన్నాయి కదా, ఈ తీగల గొడవ ఎందుకని అడగవచ్చు. 2004 డిసెంబరులో హైదరాబాదు సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో హామ్‌ల బృందం ఒకటి పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళింది. అండమాన్ నుంచి ఎన్నో ఏళ్ళ తరువాత ప్రపంచంతో మాట్లాడాలన్న సరదా ప్రయాణం అది. డిసెంబరు 26న సునామీ వచ్చి ఫోన్లు మూగబోయాయి. సరదాకు తెచ్చిన ఆ రేడియోలే దీవులకు, ప్రధాన భూభాగానికి నడుమ క్షేమసమాచారాలు చేరవేశాయి. 1990లో కువైట్‌లో జరిగినదీ, 2004లో అండమాన్‌లో జరిగినదీ ఒకే పాఠం. పెద్ద యంత్రాంగం కూలినప్పుడు, చిన్న యంత్రం గుట్టు తెలిసినవాడు ఒక్కడున్నా ఊరికి గొంతు ఉంటుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఏ దేశంలోనైనా లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటరు నడపడం నేరం. గల్ఫ్ దేశాలకు అనుమతి లేకుండా అలాంటి సెట్టు తీసుకువెళ్ళరాదు. భారతదేశంలో 12 ఏళ్ళు నిండినవారు ఎవరైనా పరీక్ష రాయవచ్చు. అమెరికాలోనైతే వయోపరిమితి కూడా లేదు.

ఈ మహాసభలకు వచ్చిన తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఈసారి పిల్లల పుట్టినరోజుకు మరో తయారైన బొమ్మ కాక, ఒక సోల్డరింగు ఐరను, ఒక చిన్న రేడియో కిట్టు కొనివ్వండి. మొదటిసారి అది పలకదు. పలకకపోవడమే మంచిది! స్పీకరు నుంచి వెనక్కు నడుస్తూ తప్పు ఎక్కడుందో తానే పట్టుకొన్న బిడ్డకు ఆ ఓర్పు జీవితాంతం తోడుంటుంది. కన్నవారికి ఒక దేశం, కడుపు నింపుకొనే చోటు మరో దేశం అయిన మన జాతికి, మధ్యలో తీగ తెగినా మాట తెగకుండా చూసుకొనే విద్య ఇంటికొకరికైనా రావాలని ఆశిద్దాం.