బరువు నడిచిన బాట

మొవ్వ పేరు వినగానే తెలుగువారికి క్షేత్రయ్య పదములు జ్ఞప్తికి వచ్చును. ఈ వ్యాసమునకు పదములతో పనిలేదు. మొవ్వ చుట్టునున్న నేలతో పని. కృష్ణ తూర్పు డెల్టాలోని యీ యూళ్లలో గునపము ఎంత లోతు దింపినను నల్లమన్నును, ఒండును, ఇసుకయును తగులునే కాని రాయి తగులదు. ఇంటిలోని రోలు మొదలు గుడిలోని ధ్వజస్తంభపు పీఠము వఱకు రాతితో చేసిన ప్రతి వస్తువును ఎచ్చటనుండియో మోసికొని రావలసినదే. అయినను మొవ్వకు చేరువనున్న ఘంటసాలలో, క్రీస్తుశకపు తొలి శతాబ్దులనాటి బౌద్ధస్తూపమును, శిల్పములు చెక్కిన సున్నపురాతి పలకలును బయలుపడినవి. గ్రీకు భూగోళకర్తయైన టాలెమీ పేర్కొనిన కంటకోస్సిల యను వర్తకస్థానము ఇదియే యని పండితుల నిర్ణయము. ఇచ్చటి త్రవ్వకముల వృత్తాంతమును అలెగ్జాండర్ రే దొర 1894లో ప్రకటించెను. ఆ పలకలలో కొన్ని నేడు పారిస్ నగరమందలి గ్విమే ప్రదర్శనశాలలో నున్నవి.

అట్టి రాయి దొరకు పలనాడెక్కడ, సముద్రమునకు చేరువనున్న ఘంటసాల యెక్కడ! నడుమ కృష్ణానది యున్నది కనుక ఆ నదియే వానికి బాట యయ్యెనని తలంచుట సహజము. ఎడ్లజత బండిమీద లాగలేని బరువును పడవలో నుంచి, నలుగురు మనుష్యులు గట్టువెంట త్రాటితో లాగికొని పోగలరు. నీరు బరువును నలుప్రక్కల సమముగా మోయును.

ఘంటసాల పలకలవలెనే అమరావతి పలకలును ఊళ్లు తిరిగినవి. పందొమ్మిదవ శతాబ్దపు తొలిభాగమున బందరులో ఉద్యోగము చేసిన రాబర్ట్‌సన్ దొర తాను క్రొత్తగా నెలకొల్పిన పేటకు అలంకారముగా అమరావతి స్తూపపు శిల్పములను కొన్నింటిని తెప్పించెను. రాబర్ట్‌సన్‌పేట యను పేరు బందరులో నేటికిని నిలిచినది, శిల్పములు నిలువలేదు. అవి పిమ్మట మద్రాసునకు తరలినవి. అమరావతి శిల్పములలో నూటికి పైగా 1859లో ఓడమీద లండనునకు పోయినవి. ఎవరు త్రవ్వించిరి, ఎవరు తెప్పించిరి, ఎవరు పటములు వ్రాయించిరి యను సంగతులన్నియు గ్రంథములలో కలవు. నిలువెత్తు పలకలను ఎత్తి దింపిన భుజముల ప్రస్తావన మాత్రము మిక్కిలి స్వల్పము. ఇది నాకెప్పుడును పెద్దలోపముగనే తోచును.

1852లో మొదలై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట వలన కాలువలు వచ్చినవి, కాలువలతో పడవలు వచ్చినవి. కాని పడవ దిగిన సరకు ఇల్లు చేరవలసినది బాటమీదనే. ఇక్కడనే మన నల్లరేగడి తన ప్రతాపము చూపును. పండ్రెండు బస్తాల ధాన్యము వేసిన బండిని తీసికొందము. బస్తా 75 కిలోల చొప్పున సరకు 900 కిలోలు. చక్రములు రెండే కనుక, బండిబరువు గాక, ఒక్కొక్క చక్రముపై 450 కిలోలు పడును. ఇనుపపట్టా వేసిన చక్రము నేలను తాకునది కొలది వ్రేళ్ల వెడల్పు మాత్రమే. అంత బరువు అంత సన్ననిచోట పడుటచేతనే వానకాలమున బండి ఇరుసుదాక దిగిపోవును. అప్పుడు రైతు చక్రము ముందు తాటిమట్టలో వరిగడ్డియో పఱచును. బరువు తగ్గించలేనపుడు దానిని మోయు చోటు పెంచవలెనను యంత్రశాస్త్రసూత్రమును ఆతడు శాస్త్రము పేరు తెలియకయే ఆచరించుచున్నాడు.

బురదతో చిక్కు మనకొక్కరికే కాదు. రష్యా చక్రవర్తిని కేథరిన్, పీటరు చక్రవర్తి విగ్రహమునకు పీఠముగా నుంచుటకై, బురదనేలలో సగము పూడియున్న వేయి టన్నులకు మించిన గండశిలను తెప్పింప నెంచెను. కార్బురీ యను ఉద్యోగి శీతకాలమున నేల గడ్డకట్టువఱకు వేచియుండెను. శిలను బల్లపైకెక్కించి, గాళ్లు తీసిన పట్టాలపై కంచుగుండ్లను పఱచి, సుమారు 400 మంది మనుష్యులచే త్రిప్పుడుయంత్రములతో లాగించెను. రోజునకు నూటయేబది మీటర్లు నడిచిన అది గొప్ప. 1770లో సముద్రము చేరిన పిమ్మట దానికై ప్రత్యేకముగా కట్టిన పెద్ద తెప్పమీద నుంచి, ఇరుప్రక్కల రెండు యుద్ధనౌకలను ఆసరాగా నిలిపి నగరమునకు చేర్చిరి. ఆ రెండు నౌకల మాట చదువరులు గుర్తుంచుకొందురుగాక.

మన తెలుగునేలపై ఇటీవలి కాలమున బాటపై నడిచిన బరువులలో మిక్కిలి ప్రసిద్ధమైనదియు బుద్ధుని శిలయే. మొవ్వకు పొరుగుననున్న నిమ్మకూరులో జన్మించిన నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగా నున్నపుడు, హైదరాబాదు హుస్సేన్‌సాగరము నడుమ బుద్ధవిగ్రహము నిలుపవలెనని సంకల్పించిరి. 1985లో పని మొదలైనది. భువనగిరి దగ్గఱ రాయగిరి కొండలో ఎస్. ఎం. గణపతి స్థపతియు ఆయన శిల్పులును ఒకే తెల్లని రాతినుండి 58 అడుగుల విగ్రహమును మలచిరి. దాని బరువు సుమారు 320 టన్నులు. 1988 నవంబరులో దానిని 192 చక్రములుగల వాహనముపై హైదరాబాదునకు తెచ్చిరి.

మరల మన బండిలెక్కనే వేసి చూతము. 320 టన్నులను 192 చక్రములకు పంచినచో ఒక్కొక్కదానిపై పడునది టన్నున్నరకు పైచిల్లర; వాహనము బరువు వేఱు. మన బండిచక్రము మోయుదానికి ఇది నాలుగింతలు కూడ లేదు. పైగా రబ్బరుచక్రము నేలను వెడల్పుగా తాకును. ఇట్టి వాహనములలో నేడు ఇరుసులన్నింటిని నూనెగొట్టములతో కలుపుదురు. ఒక చక్రము గోతిలో దిగినయెడల నూనె అటు ప్రవహించి దానిని క్రిందికి త్రోయును; తక్కిన చక్రములపై భారము హెచ్చదు. ఇక దారిలో ఏ వంతెన ఎంత మోయును, ఏ మలుపు ఎంత వెడల్పు, ఏ విద్యుత్తీగె ఎంత యెత్తు అని ముందుగా కొలిచిన పిమ్మటనే ప్రయాణము. మన డెల్టాలో మైలుమైలునకు కాలువ వంతెన యుండును. వానిలో నొక్కటి బలహీనమైనను తక్కిన బాటయంతయు బాగుండియు ప్రయోజనము లేదు.

రథోత్సవము చూచినవారికి ఇంకొక సంగతి తెలియును. త్రాడు పట్టువారు వందలు. చక్రము ముందు అడ్డుచెక్క వేసి రథమును నిలుపువారు ఇద్దఱో ముగ్గురో. రథముపై నున్నవారిని అందఱును చూతురు. చెక్క జాఱినచో ప్రాణము పోవునది క్రిందనున్నవానికి.

రాయగిరినుండి పదులకొలది కిలోమీటర్ల బాటను ఆ బరువు దాటివచ్చినది. 1990 మార్చి 10వ తేదిన దానిని తెప్పపై నెక్కించి పీఠమువైపు నడిపిరి. వంద గజములు పోవునంతలో విగ్రహము ఒరిగి నీట మునిగెను. పదిమంది మరణించిరి. నేలపై చక్రము గోతిలో దిగినను గోతికొక అడుగు కలదు. తెప్ప యొకవైపు ఒరిగినచో బరువు ఆవైపునకే జరుగును; జరిగినకొలది ఒరపు హెచ్చును. కృష్ణలో బల్లకట్టుపై బండి నెక్కించువాడు ముందుగా ఎడ్లను విప్పించి, చక్రములకు ముందువెనుకల అడ్డు పెట్టి, జనమును ఒక ప్రక్కకు చేరవద్దని కేకలు వేయుట ఇందుచేతనే. విగ్రహము తలపెట్టినవారి పేరును, చెక్కినవారి పేరును మన పిల్లలు పాఠములలో చదువుదురు, చదువవలసినదే. ఆ పదిమంది పేర్లు మనలో ఎందఱికి తెలియును? వారి యిండ్లలో ఆ సాయంకాలము ఎవరికొఱకు ఎవరు ఎదురుచూచిరో ఎవరు విచారించిరి?

విగ్రహము రెండేండ్లకు పైగా నీటి యడుగుననే యుండెను. పిమ్మట దానిని పైకెత్తి, 1992 డిసెంబరు 1వ తేదిన పీఠముపై నిలిపిరి. ఈమాఱు ఎవరికిని హాని కలుగలేదు. నేడు కుటుంబములు ఒడ్డుననున్న లుంబినీ వనమునుండి పడవలెక్కి దానిని చూచివచ్చుచున్నవి. అక్కడికి చేరుటకు కొలది నిమిషములు పట్టును.