చెరకుకి నత్రజని ఎవరిస్తున్నారు?

మన చుట్టూ ఉన్న గాలిలో 78 శాతం నత్రజనే. కానీ మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. అందుకే రైతు యూరియా బస్తా కొంటాడు. మరి బ్రెజిల్‌లో కొన్ని చెరకు తోటలు తక్కువ ఎరువుతోనే ఏళ్ల తరబడి ఎలా పండాయి?

ఈ ప్రశ్నని పట్టుకున్న శాస్త్రవేత్త యోహానా డోబెరైనర్. 1924లో చెకోస్లోవేకియాలో, జర్మన్ కుటుంబంలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ జర్మన్లని వెళ్లగొట్టారు. చివరికి ఆవిడ బ్రెజిల్ చేరి, రియో దగ్గర సెరోపెడికాలో మట్టిలోని సూక్ష్మజీవుల మీద పని మొదలుపెట్టారు.

పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లో నత్రజని పట్టే బ్యాక్టీరియా ఉంటుందని అప్పటికే తెలుసు. చెరకుకి ఆ బుడిపెలు లేవు. అయినా ఆవిడ వదల్లేదు. 1958లో చెరకు తోటల మట్టిలో ఒక రకం బ్యాక్టీరియాని గుర్తించారు. 1988లో ఇంకో రకం బయటపడింది. అది ఉండేది మట్టిలో కాదు, చెరకు వేళ్లలో, గడ లోపలే! తీపి రసంలోనే హాయిగా బతుకుతుంది. దాని ఇప్పటి పేరు గ్లూకోనాసిటోబాక్టర్ డయాజోట్రోఫికస్.

ఇదెందుకు ముఖ్యం? 1975 నుంచి బ్రెజిల్ పెట్రోల్‌కి బదులు చెరకు ఆల్కహాల్‌ని ప్రోత్సహించింది. యూరియా తయారీకే బోలెడు ఇంధనం తగలేస్తే ఇక లాభమేముంది?

అయితే ఒక మాట. అన్ని చెరకు రకాలకీ ఈ సాయం ఒకేలా అందదు. యూరియా పూర్తిగా మానేయొచ్చని కాదు, కొంత తగ్గించొచ్చు. ఆ కొంతే రైతుకి మిగులు.