విశ్వాసాన్ని చూడని చూపు: లియర్ నుంచి చందుపట్ల దాకా

షేక్స్‌పియర్ విషాదాంత నాటకాల గురించి మనం ఎప్పుడు మాట్లాడుకున్నా చర్చ ద్రోహుల చుట్టూనే తిరుగుతుంది. లియర్ కూతుళ్ళ కృతఘ్నత, ఎడ్మండ్ కుట్ర, హామ్లెట్ పినతండ్రి చేసిన హత్య, ఒథెల్లో మనసు విరిచిన ఇయాగో. ద్రోహానికి కథలో ఆకర్షణ ఎక్కువ. కాని ఈ నాటకాలు, ముఖ్యంగా 'లియర్ రాజు', అంతకంటే కష్టమైన ప్రశ్న వేస్తాయని నా అభిప్రాయం. ద్రోహం జరుగుతున్నప్పుడు నమ్మకంగా నిలబడింది ఎవరు? వాళ్ళు ఎందుకు కంటికి ఆనలేదు? ఈ ప్రశ్నతో మన ఓరుగల్లు చరిత్రను మళ్ళీ ఒకసారి చదవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

లియర్ ప్రేమను భూమితో కొలిచాడు. ఎవరు ఎక్కువ ప్రేమ ప్రకటిస్తే వాళ్ళకు అంత రాజ్యం అన్నాడు. పెద్ద కూతుళ్ళిద్దరికీ ఆ బేరం అర్థమైంది. చిన్నది కార్డీలియా బేరానికి ఒప్పుకోలేదు, కట్నం లేకుండా వెళ్ళిపోయింది. ఆమె పక్షాన మాట్లాడిన కెంట్ ప్రభువుకు దేశబహిష్కారం పడింది. గ్లాస్టర్ ఇంట్లోనూ ఇదే కథ. ఎడ్మండ్ అక్రమ సంతానం కనుక ఆస్తి రాదు. అన్న ఎడ్గార్‌కు రావలసిన భూమి కావాలి. అందుకు ఒక దొంగ ఉత్తరం సరిపోయింది. భూమి వారసత్వంగా నడిచే సమాజంలో కుటుంబమంటే ఆస్తి పంపకం జరిగే చోటు. అందుకే ఆ సమాజంలో ద్రోహం తరచుగా ఇంటి మనిషి రూపంలోనే వస్తుంది. దీన్ని వ్యక్తుల దుర్గుణంగా మాత్రమే చూసే విమర్శ సగం దూరమే నడుస్తుంది.

మిగతా సగం సేవకుల దగ్గర ఉంది. గ్లాస్టర్ కళ్ళు పీకే దృశ్యంలో కార్న్‌వాల్‌కు ఎదురు తిరిగేది అతని సొంత సేవకుడే. చిన్నప్పటినుంచి కొలిచిన యజమాని మీదే కత్తి దూసి ప్రాణాంతకంగా గాయపరుస్తాడు. వెనకనుంచి రీగన్ అతన్ని పొడిచి చంపుతుంది. షేక్స్‌పియర్ అతనికి పేరు కూడా పెట్టలేదు, 'మొదటి సేవకుడు' అంతే. 1608లో అచ్చయిన ప్రతిలో, గ్లాస్టర్ నెత్తురోడే ముఖానికి నార, గుడ్డు తెల్లసొన తెచ్చి అద్దుదామని మాట్లాడుకునే మరో ఇద్దరు సేవకులున్నారు. 1623 నాటి సంపుటంలో ఆ మాటలు లేవు. ఎవరు, ఎందుకు తీసేశారన్న వాదం పండితులది. సేవకుల దయ మొత్తం కథ నడకకు అడ్డం రాకుండా తీసెయ్యగలిగినదిగా కనిపించిందన్నది మాత్రం మనం గమనించాలి.

ఈ కథ తెలుగులోకి వచ్చినప్పుడు ఏమైంది? 1949లో కె.వి.రెడ్డి తీసిన 'గుణసుందరి కథ'కు మూలం లియరే. అక్కడ చిన్న కూతురు తండ్రికన్నా భర్తే ముఖ్యమంటుంది, ఆ మాటతోనే కష్టాలు మొదలవుతాయి. కథ పాతివ్రత్య పరీక్షగా మారి సుఖాంతమవుతుంది. అది చక్కటి జానపద చిత్రమే, సందేహం లేదు. కాని లియర్‌లోని భూమి ప్రశ్న, సేవకుడి తిరుగుబాటు మనదాకా రాకుండా దారిలోనే ఆగిపోయాయి.

ఇక ఓరుగల్లుకు వద్దాం. 1199 నుంచి 1262 దాకా పాలించిన గణపతిదేవుడికి రుద్రమ, గణపాంబ అని ఇద్దరు కూతుళ్ళు. గణపాంబ ధరణికోట పాలకుడైన కోట బేతరాజు భార్య. లియర్ లాగే ఈ రాజు ముందూ వారసత్వ సమస్య ఉంది. అతను ప్రేమ పరీక్ష పెట్టలేదు, రాజ్యాన్ని ముక్కలు చేయలేదు. రుద్రమను 1259 ప్రాంతంలోనే పాలనలో భాగస్వామిని చేశాడు. రుద్రదేవ మహారాజన్న పురుషనామంతో ఆమె శాసనాలు వెలిశాయి. కూతురి శక్తిని చూడగలిగిన తండ్రి అతను.

అయినా మన జనశ్రుతి ఆ ఇంట్లో ద్రోహాన్నే వెతికింది. ఏకామ్రనాథుడి 'ప్రతాపచరిత్ర' ప్రకారం వరసకు సోదరులైన హరిహరదేవుడు, మురారిదేవుడు రుద్రమపై తిరగబడతారు. శాసనాల్లో వాళ్ళ జాడ లేదు. రెండో ప్రోలరాజు కొడుకు రుద్రుడి చేతిలోనే పొరపాటున చనిపోయాడన్న కథ కూడా అలాంటిదే. ఈ కథలు పూర్తిగా కల్పనలని నేననడం లేదు. రాజకీయ సంఘర్షణను ఇంటి తగాదాగా చెప్పుకోవడం జనానికి సులువన్నదే వాటినుంచి నేను గ్రహించింది.

శాసనాల్లో రూఢిగా కనిపించేది మరో రకం చరిత్ర. దేవగిరి యాదవులతో యుద్ధంలో మహాదేవుడు చనిపోయాడు. యువకుడైన గణపతిదేవుడు వాళ్ళకు బందీ అయ్యాడు. సింహాసనం ఖాళీ, సైన్యం సేనాని రేచర్ల రుద్రుడి చేతిలో. మాక్‌బెత్‌కు ఇంత అవకాశం కూడా అక్కరలేకపోయింది. రుద్రుడు రాజ్యాన్ని కాపాడి, విడుదలై వచ్చిన గణపతిదేవుడికి అప్పగించాడు. పాలంపేటలో 1213 నాటి శాసనమున్న గుడి కట్టించింది ఈయనే. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ గుడిని జనం శిల్పి పేరని చెప్పుకుంటూ రామప్ప గుడి అంటారు. పనిచేసిన చేతిని జనం గుర్తుపెట్టుకున్న అరుదైన సందర్భమిది.

రుద్రమకు నిజంగా ఎదురు తిరిగింది కాయస్థ అంబదేవుడు. కాకతీయుల కింద దక్షిణ ప్రాంతాన్ని ఏలుతూ బలపడిన సామంత వంశం అతనిది. 1290 నాటి త్రిపురాంతక శాసనంలో అతను స్వతంత్ర రాజుగానే మాట్లాడతాడు. సైనిక సేవకు భూమి ఇచ్చే పద్ధతిలో రాజు తన విశ్వాసపాత్రులను తానే తయారు చేసుకుంటాడు, తన ప్రత్యర్థులనూ తానే తయారు చేసుకుంటాడు. ఎడ్మండ్‌నూ అంబదేవుడినీ కలిపే సూత్రం భూమి.

నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనం ఒకటి ఉంది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకప్రాప్తి పొందారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే సేవకుడు దానం చేశాడని అది చెబుతుంది. ఎవరు చంపారో చెప్పదు. రాణి, సేనాని ఒకేసారి మరణించడాన్ని అంబదేవుడి తిరుగుబాటుతో కలిపి, వాళ్ళు యుద్ధంలో పడిపోయారని చరిత్రకారులు ఊహించారు. రుద్రమ మరణకాలాన్ని సరిచేసింది ఈ రాయే. ఆ మరణాన్ని మనకు చేరవేసింది ఏ ఆస్థానకవీ కాదు, మహాసామంతుడూ కాదు.

నేను పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులు మొదట అడిగేది రుద్రమను చంపిందెవరని. ఆమె చనిపోయిందని మనకు చెప్పిందెవరని ఇంతవరకు ఎవరూ అడగలేదు. తప్పు పిల్లలది కాదు. మనం రాసిన కథలు అలా ఉన్నాయి. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' నవలలో కెంట్ ప్రభువు లాగే వేషం చాటున దాగిన విశ్వాసం ఉంది. అయితే అదీ సామంతుడి విశ్వాసమే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సేవకుడి విశ్వాసాన్ని పొగిడితే దాస్యాన్ని పొగిడినట్టు కావచ్చు. 'మొదటి సేవకుడు' గొప్పవాడైంది యజమాని మాట విన్నందుకు కాదు, కాదన్నందుకు. అతని విశ్వాసం ఎదుట హింస పడుతున్న మనిషి మీద. ముమ్మడి మనసులో ఏముందో రాయి చెప్పదు, చెప్పినట్టు మనం రాయకూడదు. కాని ఒక పేరు మాత్రం చెబుతుంది. షేక్స్‌పియర్ ఇవ్వని పేరు మన చరిత్ర ఇచ్చింది. చారిత్రక నవలలు రాసేవాళ్ళు, కాకతీయ యుగం మీద పరిశోధన చేసే విద్యార్థులు రాజు ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోకుండా ఆ పేరు దాకా నడవాలని నా కోరిక.