ఎకరాల చుక్క – గుంటల లెక్క

మా మోత్కూరు ప్రాంతపు పహాణీలో విస్తీర్ణం గడిలో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలని చదువుతాము. ఎకరానికి 40 గుంటలు కనుక అది రెండున్నర ఎకరాలు. అవే అంకెలు గుంటూరు సీమ అడంగలులో కనబడితే రెండెకరాల ఇరవై సెంట్లు. అక్కడ ఎకరానికి నూరు సెంట్లు. రాత ఒక్కటే, భూమి వేరు.

ఈ రాత వెనుక చరిత్ర ఉన్నది. హైదరాబాదు సంస్థానపు భూమిశిస్తు చట్టం 1317 ఫసలీ నాటిది. 590 కలిపితే క్రీస్తుశకం 1907 అవుతుంది. 1949లో జాగీర్లు రద్దయినాయి. 1950లో కౌలుదారీ చట్టం, 1954-55లో ఖాస్రా పహాణీ వచ్చినవి. పట్టా తగాదా పుడితే నేటికీ పెద్దలు మొదట అడిగేది ఆ ఖాస్రానే. ఖుష్కి యేది, తరి యేది, చుక్క తరువాతి అంకె గుంటలా కాదా అన్న వివేకం కాగితం మీద ఉండేది కాదు. పట్వారీ బుర్రలో ఉండేది. 1984లో ఆ పదవి రద్దయింది. 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చినవి. నేడు పహాణీ కంప్యూటరు దత్తాంశం. ఇక ఆ వివేకాన్ని ఎవరు మోయాలి?

నేడు యంత్రాల నడుమ దత్తాంశం తరచుగా జేసన్ రూపంలో నడుస్తుంది. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ 2001 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. అందులో అక్షరమాల, సంఖ్య, అవును-కాదు, శూన్యం, వరుస, జతల మూట తప్ప వేరే జాతులు లేవు. తేదీకే చోటు లేదు. ఫసలీకీ గుంటకూ ఎక్కడిది? 2.20ని సంఖ్యగా పంపితే జావాస్క్రిప్టు దానిని 2.2గా గ్రహిస్తుంది. చివరి సున్న పోయింది. దానిని రెండెకరాల రెండు గుంటలని చదివినవాడి లెక్కలో 18 గుంటలు, అనగా 2178 చదరపు గజాలు మాయం! కూడిక మరీ విడ్డూరం. 1.25, 1.25 కలిపితే యంత్రం 2.5 అంటుంది, రైతు లెక్క మూడెకరాల పది గుంటలు. సర్వే నంబరు 145/2ను భాగహారమనుకుంటే 72.5 అవుతుంది!

కనుక వచ్చిన మూటను వచ్చినట్లే వాడరాదు. విస్తీర్ణాన్ని అక్షరమాలగానే తీసుకొని, ఎకరాలు ఒక పూర్ణాంకంగా, గుంటలు మరొక పూర్ణాంకంగా విడదీసి, గుంటలు 40కి తక్కువయితేనే ‘విస్తీర్ణం’ అనే వస్తువును నిర్మించాలి. సర్వే నంబరు అక్షరమాలగానే ఉండాలి. నేల రకం ఖుష్కి, తరి వంటి నిర్ణీత పదాలలో ఒకటి కావాలి. ఏది సరిపడకున్నా గుమ్మం దగ్గరే ఆపాలి.

తెలుగు పండితునికి ఇది కొత్త కాదు. 1858లో బాలవ్యాకరణం రచించిన చిన్నయసూరి శబ్దాలను మహత్తు, అమహత్తు అని విభజించినాడు. రాముడు వచ్చినాడు, బండి వచ్చింది: శబ్దం ఏ జాతిదో తేలితేనే క్రియ కుదురుతుంది. వ్యాకరణంలో జాతి తప్పితే వాక్యం చెడుతుంది. పహాణీలో జాతి తప్పితే ఒకరి గట్టు జరుగుతుంది. సాఫ్ట్‌వేరు రాసే యువమిత్రులు ఆ చుక్క దగ్గర ఒక్క నిమిషం ఆగాలని నా మనవి. మీ ప్రాంతపు కొలతలలో ఇటువంటి చిక్కులుంటే తెలుపగలరు.